సువార్త టీచర్ స్టేషన్‌కు జవాబు రాని వానాకాలం

ఈ శీర్షికలో తమ మరిచిపోలేని కేసుల గురించి ఇప్పటిదాకా డాక్టర్లు రాశారు, లాయర్లు రాశారు, బ్యాంకు మేనేజర్లు రాశారు. మొన్నామధ్య ఒక పశువైద్యుడు కూడా రాశారు. బాగుంది, చదివాను. కంప్యూటర్లు బాగుచేసేవాణ్ని మాత్రం ఎవరూ అడగలేదు. అడక్కపోయినా రెండుసార్లు రాసి పంపాను. మొదటిదానికి జవాబు లేదు. రెండోది చేరిందో లేదో కూడా ఎవరూ చెప్పలేదు. ఇది మూడోది. ఇరవై రెండేళ్లుగా దిల్‌సుఖ్‌నగర్‌లో కోచింగ్ సెంటర్ల వెనక, ఒక కాంప్లెక్స్ సెల్లార్‌లో నా దుకాణం ఉంది. ఈ పత్రికను అచ్చుకు ముందు కూర్చే కంప్యూటర్ మొరాయించినప్పుడు పిలిచేది పశువైద్యుణ్ని కాదు, నాలాంటివాణ్నే. ఆ సంగతి గుర్తుచేసి మొదలుపెడుతున్నాను.

2023 వానాకాలం మొదట్లో ఒక పెద్దావిడ లాప్‌టాప్ సంచి భుజానికి వేసుకుని సెల్లార్ మెట్లు దిగి వచ్చారు. పేరు సువార్త. ప్రభుత్వ హైస్కూల్లో ఫిజిక్స్ టీచర్‌గా చేసి రిటైరయ్యారు. నకిరేకల్ పక్క పల్లె నుంచి వచ్చి ఎల్‌బీ నగర్‌లో స్థిరపడిన కుటుంబం. కుర్చీ చూపించే లోపే కూర్చుని, అడిగారు.

"నీకు రేడియో తెలుసా?"

"తెల్వదు మేడం. కంప్యూటర్ తెలుసు."

"మంచిగైంది. రేడియో తెలిసినోళ్లు నలుగురు చూసిండ్రు. నలుగురూ నాకే పాఠం చెప్పి పోయిండ్రు."

ఆమె హామ్. అంటే ప్రభుత్వం పెట్టే పరీక్ష రాసి, లైసెన్సు తీసుకుని, ఇంట్లో సొంతంగా రేడియో స్టేషన్ పెట్టుకున్న మనిషి. ఇది వ్యాపారం కాదు. ఇలాంటివాళ్లు ప్రపంచమంతా ఉన్నారు. ఒకరినొకరు గాలిలో పిలుచుకుంటారు, పలుకుతారు. మామూలు రోజుల్లో ఇదొక సరదా. వానలకు కాలనీలు మునిగి, కరెంటు పోయి, సెల్ టవర్లు చల్లబడినప్పుడు మాత్రం వీళ్ల పిలుపే మిగులుతుంది. అందుకే వాళ్ల క్లబ్బు ఒక జాబితా పెట్టుకుంది. ఆపద వచ్చినప్పుడు ముందుగా పిలవాల్సిన స్టేషన్ల జాబితా అది. టీచర్ పేరు అందులో ఇరవై ఏళ్లకు పైగా ఉంది.

చిక్కేమిటంటే టీచర్‌కు చెవులు పోతున్నాయి. ఆమె ముప్ఫై ఏళ్లు మోర్స్‌లో, అంటే టెలిగ్రాఫు చుక్కలూ గీతల భాషలో మాట్లాడారు. ఎడమ చెవి పూర్తిగా, కుడి చెవి సగం పోయాక కూడా స్పీకర్ మీద వేళ్లు ఆనించి, ఆ అదురును బట్టి అక్షరాలు పట్టుకున్నారట. ఇప్పుడు అదీ కష్టమైంది.

"చెవులు పోతే కండ్లతోని వింట," అన్నారు. "దానికే కంప్యూటర్. పెట్టగలుగుతవా?"

పెట్టగలనన్నాను. ఇరవై రెండేళ్లలో ఆ ప్రశ్నకు నేను ఇంకో జవాబు చెప్పలేదు.

పని ఇది. రేడియోను ఒక కేబుల్‌తో లాప్‌టాప్‌కు కలపాలి. రిగ్ కంట్రోల్ అనే సాఫ్ట్‌వేర్ రేడియో మీటలను కంప్యూటర్ నుంచే తిప్పుతుంది. రేడియోలో పడిన శబ్దం సౌండ్‌కార్డ్ గుండా ఇంకో సాఫ్ట్‌వేర్‌లోకి వెళ్తుంది. అది ఆ శబ్దంలోంచి అక్షరాలు ఏరి తెర మీద రాస్తుంది. మనం టైప్ చేసింది శబ్దంగా మారి గాలిలోకి పోతుంది. దీన్ని డిజిటల్ మోడ్ అంటారు. మనిషి చెవికి అందనంత బలహీనమైన సంకేతాన్ని కూడా ఇది చదవగలదు. తెర మీద వాటర్‌ఫాల్ అని ఒక బొమ్మ ఉంటుంది. నీలిరంగు మీద పసుపు చారలు పైనుంచి కిందికి జారుతుంటాయి. ఒక్కో చార ఒక్కో స్టేషన్.

మంగళవారం ఆమె ఇంట్లో అన్నీ బిగించాను. ఎల్‌బీ నగర్ చౌరస్తా దాటాక ఒక కాలనీలో రెండంతస్తుల ఇల్లు. మేడ మీద తీగ యాంటెన్నా. తలుపు తీసింది టీచర్ భర్త జోసెఫ్ సార్. బస్ డిపోలో కంట్రోలర్‌గా చేసి రిటైరయ్యారు, అంటే ఏ బస్సు ఎప్పుడు బయలుదేరాలో చెప్పే ఉద్యోగం. నన్ను చూడగానే ఆయన అన్న మొదటి మాట నాకు అక్షరం పొల్లుపోకుండా గుర్తుంది.

"పదింటికి ఒస్తనంటివి. పది దాటింది."

ఫోన్ చూసుకున్నాను. సరిగ్గా పది. ముసలాయనతో వాదన ఎందుకని ఊరుకున్నాను. కానీ మరిచిపోలేదు.

ఆ రోజు పని బ్రహ్మాండంగా అయింది. టీచర్ టైప్ చేశారు, ట్రాన్స్‌మిట్ నొక్కారు. ఆ బటన్ నేను ముట్టుకోకూడదు, లైసెన్సు ఆమెది. మధ్యాహ్నానికి ముగ్గురు పలికారు. కళ్లద్దాలు పైకి తోసుకుని ఆమె తెరకు ముక్కు ఆనించి చదువుతుంటే నాకు ముచ్చటేసింది.

బుధవారం ఒక్కరూ పలకలేదు. గురువారమూ లేదు. శుక్రవారం ఇద్దరు పలికారట, శనివారం మళ్లీ ఎవరూ లేరు. వాటర్‌ఫాల్ మీద చారలు కనిపిస్తూనే ఉన్నాయి, అక్షరం మాత్రం ఒక్కటీ పడటం లేదు. అవతలివాళ్లకూ అంతే. వరంగల్‌లో ఉన్న ఆమె పాత మిత్రుడు ఫోన్ చేసి, "మీ చార కనపడుతున్నది టీచరమ్మా, మాట మాత్రం లేదు" అన్నాడట.

మా వృత్తిలో పూర్తిగా చెడిపోయిన యంత్రం ఎప్పుడూ సుఖమే. ఒకరోజు పనిచేసి ఒకరోజు మానేసేదే ప్రాణం తీస్తుంది. కేబుల్ మార్చాను. సౌండ్‌కార్డ్ మార్చాను. సాఫ్ట్‌వేర్ తీసేసి మళ్లీ ఎక్కించాను. లాప్‌టాప్‌ను దుకాణానికి తీసుకొచ్చి ఇంటర్నెట్‌కు తగిలించి, ఎక్కడో ఉన్న ఎవరిదో రేడియో శబ్దాన్ని నెట్‌లోంచి పట్టి వినిపిస్తే, సాఫ్ట్‌వేర్ గడగడా చదివేసింది. తిరిగి ఇంటికి తీసుకెళ్తే రెండోరోజు నుంచి మౌనవ్రతం. వెళ్లిన ప్రతిసారీ గుమ్మంలో జోసెఫ్ సార్ అదే పాట.

"నాలుగన్నవు. నాలుగు దాటింది. గిట్లయితే బస్సు పోతది బిడ్డా."

"సార్, నాలుగే అయింది."

"నువ్వొచ్చినప్పుడు అయ్యేది నాలుగు గాదు."

ఇరవై రెండేళ్లలో నన్ను ఎవరూ ఆలస్యమన్నది లేదు. ఆ ఇంట్లో మూడుసార్లు అన్నారు. మూడూ నాకు వారం పేరుతో సహా గుర్తున్నాయి.

రెండో వారం క్లబ్బు కార్యదర్శి మూర్తి గారు వచ్చారు. కోస్తా నుంచి వచ్చి దిల్‌సుఖ్‌నగర్‌లో స్థిరపడ్డ పెద్దమనిషి. ఇస్త్రీ చొక్కా, జేబులో రెండు పెన్నులు. నా పేరు యాదగిరి అని చెప్పాను.

"సరే బాబూ," అని టీచర్ వైపు తిరిగారు. "మేడమ్ గారూ, మీరంటే నాకు గౌరవం. మీ సీనియారిటీకి దణ్ణం. కానీ జాబితాలో ఉన్న స్టేషన్ పలకాలి కదండీ. నెల రోజులుగా మీరు సరిగ్గా పలకట్లేదు. వచ్చే శనివారం పదకొండింటికి, ఆపద వచ్చిందనుకుని డ్రిల్లు పెట్టాం. అందులో కనీసం ఇద్దరికి పలికితే సరే. లేదంటే మీ చోటు ఇంకొకరికి ఇవ్వాల్సొస్తుంది."

"పలుకుత," అన్నారు టీచర్.

మూర్తి గారు చెప్పులేసుకుంటూ, నాకు వినపడదనుకున్నారో, వినపడాలనే అనుకున్నారో, జోసెఫ్ సార్‌తో అన్నారు: "రేడియో సంగతి కంప్యూటర్ బాబుకేం తెలుస్తుందండీ. తెలిసినవాళ్లని పిలవాల్సింది."

టీచర్‌కు ఆ మాట వినపడలేదు. నాకు వినపడింది. ఆ వారమంతా వినపడుతూనే ఉంది. రోజూ దుకాణం కట్టేశాక ఆ సాఫ్ట్‌వేర్ పుస్తకం తిరగేశాను. టీచర్ కంటే నాకే పట్టుదల ఎక్కువైంది.

శుక్రవారం ఆమె ఒక్క మాట అన్నారు. టీ గ్లాసు నా ముందు పెట్టి, తన కుడి చెవి చూపించి, "ఇది కూడా ఈ ఏడాదే పోతదంటున్నరు యాదగిరీ. గుళ్లె పాట వినపడకుంటే ఏంగాదు, నాకు నోటికొచ్చు. గని పిలిస్తే పలుకకుండ ఉండుడు నాతోని గాదు" అన్నారు. వాళ్లు తమ చర్చిని గుడి అనే అంటారు. నేను తల ఊపాను.

శనివారం. రేడియో వేడెక్కింది, లాప్‌టాప్ సిద్ధంగా ఉంది. టీచర్ ఇస్త్రీ చీర కట్టుకుని, స్కూలు ఇన్‌స్పెక్షన్‌కు కూర్చున్నట్టు కూర్చున్నారు. మూర్తి గారు నోట్‌బుక్ పట్టుకుని సోఫాలో. వాటర్‌ఫాల్ మీద చారలు వరుసగా జారుతున్నాయి. కింద అక్షరాలు రావాల్సిన చోటు తెల్లగా, ఖాళీగా ఉంది.

జోసెఫ్ సార్ గోడ గడియారం వైపు చూసి చప్పట్లు కొట్టారు. "పదకొండయింది. ఇగ షురూ చెయ్యి టీచరూ. బండి తియ్యాలె."

మూర్తి గారు చేతి గడియారం చూసుకున్నారు. "ఇంకా అయిదు నిమిషాలుందండీ జోసెఫ్ గారూ."

"మీకున్నదేమో. ఈ ఇంట్ల లేదు."

"అదేంటండీ, టైమ్ ఇంటికొకటి ఉంటుందా?"

"నా ఇంట్ల గడియారాలన్నీ అయిదు నిమిషాలు ముందు నడుస్తయి సార్. నలబై ఏండ్ల సంది గట్లనే. అందుకే ఈ ఇంట్లకెల్లి ఒక్క మనిషి బస్సు తప్పలే, ఒక్క పిల్ల పరీక్షకు లేటు కాలే."

మూర్తి గారు నవ్వారు. నేను నవ్వలేదు. లాప్‌టాప్ మూలన టైమ్ చూశాను. పదకొండు. నా ఫోన్ చూశాను. పది యాభై అయిదు.

ఇక్కడ ఒక ముక్క వివరించాలి. ఈ డిజిటల్ మోడ్‌లో అందరూ వంతులవారీగా మాట్లాడతారు. ఒక్కో వంతు పదిహేను సెకన్లు. ప్రపంచంలో ప్రతి కంప్యూటరూ ఒకే క్షణంలో వంతు మొదలుపెట్టాలి, ఒకే క్షణంలో వినాలి. ఒకటి రెండు సెకన్ల తేడా అయితే సర్దుకుంటుంది. అంతకు మించితే, కదిలిపోయిన బస్సు వెనక పరుగెత్తినట్టే. చార కనపడుతుంది, మాట అందదు.

"సార్," అన్నాను, "కంప్యూటర్ టైమ్ కూడా మీరే మారుస్తరా?"

"మరి? పొద్దుగాల లేవంగనే అన్ని గడియారాలు చూసుకుంట. వంటింట్లది, హాల్లది, ఇది. ఇది మొండిది. నేను ముందుకు జరిపితే అదే ఎన్కకు పోతుండె. తర్వాత దాని కిటుకు నేర్సుకున్న. ఆటోమేటిక్ అని ఉంటది గదా, దాన్ని ఆపెయ్యాలె."

"ఎవరు చెప్పిండ్రు ఆపమని?"

"దిల్‌సుఖ్‌నగర్ల ఒక షాపుకు ఫోన్ చేసిన."

"ఏ షాపు?"

ఆయన నన్ను పైనుంచి కిందిదాకా చూశారు. "నీ షాపే. సంచి మీద నంబరున్నది. ఎత్తింది నువ్వే, గొంతు గిదే. 'గింత చిన్నదానికి కూడా ఫోన్ చేస్తరా పెద్దమనిషీ' అని కసిరి, ఆటోమేటిక్ ఎట్ల ఆపాలెనో చెప్పి టక్కున పెట్టేసినవు. ఎందుకు ఆపుతున్నవని ఒక్క మాట అడగకపోతివి."

సోఫాలోంచి మూర్తి గారి నవ్వు వినపడింది. ఈసారి అది గట్టి నవ్వు.

ఆ ఫోన్ నాకు గుర్తు లేదు. నన్ను ఎవరు ఏ రోజు ఏ మాట అన్నారో అన్నీ గుర్తున్నాయి. నేను అన్నది మాత్రం గుర్తు లేదు. ఆయన పేరు చెప్పలేదు కదా అని ఒక మాట అనబోయి మింగేశాను. టైమ్ లేదు, నాలుగు నిమిషాలుంది.

ఫోన్ పక్కన పెట్టి చూస్తే లాప్‌టాప్ అయిదు నిమిషాల ఏడు సెకన్లు ముందుంది. తమాషా ఏమిటంటే సరిగ్గా అయిదు నిమిషాలే అయితే ఏ ఇబ్బందీ లేదు. నిమిషానికి నాలుగు వంతులు కాబట్టి వంతుకు వంతు కలిసిపోయేది. చెడగొట్టింది పైనున్న ఏడు సెకన్లు. ఆయన రోజూ చేత్తో జరుపుతారు కాబట్టి రోజూ కొత్త లెక్క. చెయ్యి సరిగ్గా పడిన రోజు టీచర్‌కు ప్రపంచం పలికింది. పడని రోజు పలకలేదు. దుకాణంలో గడగడా చదివిందీ అందుకే: అప్పటికి ఆటోమేటిక్ ఆపలేదు, నెట్ తగలగానే గడియారం తనంతట తానే సర్దుకుంది.

ఫోన్ నుంచి నెట్ ఇచ్చి ఆటోమేటిక్ మీద వేలు పెట్టాను. జోసెఫ్ సార్ నా చెయ్యి పట్టుకున్నారు.

"ఆగాగు. అది కూడ నా ఇంట్లనే ఉన్నది."

ఏం జరుగుతున్నదో టీచర్‌కు సగమే వినపడింది. మిగతా సగం మా మొహాల మీద చదువుకున్నారు. "ఏందయ్యా నువ్వు," అన్నారు భర్తతో. "గోడలన్ని నీయి, ఏమన్న పెట్టుకో. ఈ బల్ల నాది. నా బల్ల మీదికి నీ టైమ్ తేకు."

ఆయన చెయ్యి తీశారు.

అంకెలు ఒక్కసారి వెనక్కి గెంతాయి. అర నిమిషం గడిచింది. తెల్లగా ఉన్న చోట ఒక వరుస పడింది. తర్వాత నాలుగు. తర్వాత గోడకు చీమలు పాకినట్టు వరుసలే వరుసలు. టీచర్ వేలు పెట్టి ఒక్కో కాల్‌సైన్, అంటే స్టేషన్ పేరు, హాజరు పిలిచినట్టు చదవడం మొదలుపెట్టారు. పదకొండుకు డ్రిల్లు మొదలైంది. ఆమె పిలిచారు. విజయవాడ పలికింది. అనంతపురం పలికింది. వరంగల్ మిత్రుడు ఇంగ్లిష్ అక్షరాల్లో తెలుగు రాశాడు. వంతుకు పదిహేను సెకన్లు కాబట్టి ముక్కలు ముక్కలుగా వచ్చింది. అందరం మెడలు చాచి ఎదురుచూశాం. "టీచరమ్మా... ఇన్నాళ్లు... ఏమైపోయిండ్రు."

ఆమె నవ్వుతూ టైప్ చేశారు: "నేను బాగున్న. గడియారం చచ్చింది."

వెనకనుంచి జోసెఫ్ సార్: "చావలే. జర ముందుగ నడిచింది. గట్లనే రాయి."

అదీ రాశారు. గదిలో అందరం నవ్వాం. ఆ రోజు మొత్తం తొమ్మిది మందికి పలికారు. మూర్తి గారు నోట్‌బుక్ మూసి, "చూశారా, నేను మొదట్నించీ చెబుతూనే ఉన్నాను, లోపం కంప్యూటర్‌లోనేనని" అన్నారు. లోపం కంప్యూటర్‌లో లేదు, టైమ్‌లో ఉంది. ఆయన నాతో కరచాలనం చెయ్యలేదు. క్లబ్బు పత్రికలో డ్రిల్లు గురించి రెండు పేజీలు వచ్చాయి, అందులో నా పేరు లేదు. అది పక్కన పెడదాం.

ఆ తర్వాత స్టేషన్ పెరిగింది. వరదొస్తే నెట్ ఉండదు కాబట్టి, ఆకాశంలోని ఉపగ్రహాల నుంచి నేరుగా టైమ్ తీసుకునే చిన్న జీపీఎస్ రిసీవర్ తగిలించాం. దాన్ని మేడ మీద పెట్టింది జోసెఫ్ సారే. ప్రపంచంలో హామ్‌లందరూ ఒకే టైమ్ వాడతారని, మన టైమ్‌కు అయిదున్నర గంటలు వెనకని తెలిశాక ఆయన కళ్లు మెరిశాయి. "అంటే దునియ మొత్తానికి ఒక్కటే డిపో," అన్నారు. అప్పటినుంచి సెకన్ల కాపలా ఆయనదే. కంప్యూటర్‌లో లాగ్‌బుక్, అంటే ఎవరు ఎప్పుడు పలికారో రాసే చిట్టా, ఆయనే చూస్తారు. ఎవరైనా పలికితే "బండొచ్చింది టీచరూ" అని ఆమె భుజం తడతారు. రెండో రిసీవర్ పెట్టి ఇంకో బ్యాండ్‌ను, అంటే వేరే తరంగాల మీద పిలిచేవాళ్లను కూడా తెర మీదికి తెచ్చాను. ఆమె ఇప్పుడు చెవులున్నప్పటికంటే ఎక్కువమందిని వింటున్నారు. గోడ గడియారాలు మాత్రం ఇప్పటికీ అయిదు నిమిషాలు ముందే. నేనూ అయిదు నిమిషాలు ముందే వెళ్తున్నాను.

ఈ కేసు నాకు నేర్పింది ఇది. ఎవరైనా నన్ను ఒక మాట అంటే ఆ మాటను దాచిపెట్టుకుంటాను కానీ దాన్ని విప్పి చూడను. "దాటింది" అని ఆయన మూడుసార్లు అన్నారు. అది అవమానం కాదు, కొలత. గుమ్మంలోనే జబ్బు పేరు చెప్పారు, నేను కోపంలో ఉండి రాసుకోలేదు. ఇప్పుడు దుకాణానికి ఫోన్ చేసి ఎవరు ఏ చిన్న ప్రశ్న అడిగినా ముందు "ఎందుకు?" అని అడుగుతున్నాను. కసరకుండా అడుగుతున్నాను. చాలామటుకు.

ఒక్క సంగతి మిగిలింది. డ్రిల్లు అయ్యాక వచ్చిన కొత్త జాబితాలో టీచర్ పేరును "అదనపు స్టేషన్లు" అనే శీర్షిక కింద దించారు. క్లబ్బు కమిటీ నిర్ణయించేదాకా అట్లాగే ఉంటుందట. మొదటి జాబితా వాళ్లను పిలిచాక, అవసరముంటే వీళ్లను పిలుస్తారు. తొమ్మిది మందికి పలికిన మనిషి అదనం ఎట్లా అవుతారు? క్లబ్బుకు మూడు ఉత్తరాలు రాశాను. నేను సభ్యుణ్ని కాను, లైసెన్సు లేదు కాబట్టి జవాబివ్వనక్కర్లేదన్నారని తెలిసింది. టీచర్ నవ్వి, "ఏ జాబితాల ఉంటే ఏంది బిడ్డా, పిలిస్తే పలుకుత" అన్నారు. ఆమె వదిలేశారు. నేను వదల్లేదు. ఆమె దగ్గరే పాఠాలు చెప్పించుకుని పరీక్ష రాసి, లైసెన్సు తెచ్చుకున్నాను. సెల్లార్ పైన, కాంప్లెక్స్ మేడ మీద ఇప్పుడు నాకూ ఒక తీగ ఉంది.

రోజూ సాయంత్రం ఆరింటికి మూర్తి గారిని ఆయన కాల్‌సైన్‌తో పిలుస్తున్నాను. ఒకటే ప్రశ్న టైప్ చేస్తున్నాను: సువార్త టీచర్ పేరు మొదటి జాబితాలోకి ఎప్పుడు? సంకేతం అందలేదంటారేమో. ఈ సాఫ్ట్‌వేర్‌లో ఒక సుగుణముంది. ఎవరి స్టేషన్ ఎవరిని విన్నదో తనంతట తానే ఒక మ్యాప్ మీద గీత గీసి చూపిస్తుంది. దిల్‌సుఖ్‌నగర్‌లో నా మేడకూ మీ మేడకూ మధ్య ప్రతి సాయంత్రం ఒక గీత పడుతోంది మూర్తి గారూ. మీ కంప్యూటర్ నన్ను వింటోంది. గడియారం సెకనుతో సహా సరిగ్గా ఉంది, చూసుకున్నాను. ఇవాళ ఆరింటికి మళ్లీ పిలుస్తాను. పలకండి.